నెల్లూరు నుంచి నంది కొండకు: వైన్ టేస్టింగ్‌కి వెళ్లేవాళ్లు ఏం చేయాలి, ఎలా చేయాలి

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ఎక్కడ చూసినా బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో లేని వీధి ఉండదు. పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఆదివారం నంది హిల్స్ పోయొద్దాం, దారిలో వైనరీ కూడా చూపిస్తాం’ అనడం ఇప్పుడు మామూలైంది. కుర్రాళ్లయితే నలుగురు కలిసి కారు మాట్లాడుకుని ఇక్కణ్నుంచే నేరుగా పోతున్నారు. వైనరీ అంటే వైన్ తయారుచేసే చోటు. అక్కడ టేస్టింగ్ రూమ్‌లో ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. కొందరు గ్లాసు చేతికివ్వగానే ఒక్క గుక్కలో తాగేసి ‘పుల్లగా ఉంది, ఇంతేనా’ అని లేచి వచ్చేస్తారు. పెద్దవాళ్లు ‘మనకెందుకులే’ అని కారులోనే కూర్చుంటారు. డబ్బు కట్టి అంత దూరం పోయి అలా తిరిగి రావడం నాకు బాధగా ఉంటుంది. చింతపండు పులుసు బాగా కుదిరిందో లేదో ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చెప్పగల మనుషులం మనం. వైన్ రుచి చూడ్డానికి కావలసిన నాలుక మనకు ఉంది. పద్ధతి తెలిస్తే చాలు.

టేస్టింగ్ రూమ్ అంటే బార్ కాదు. ద్రాక్ష పండించి, పిండి, పులియబెట్టి, సీసాకెత్తే చోటే ఒక గదిలో నాలుగైదు రకాల వైన్లు ఒక్కొక్కటి కొంచెం కొంచెం పోసి, ఏది ఏమిటో చెబుతూ రుచి చూపిస్తారు. మన దేశంలో దీన్ని మొదట అలవాటు చేసింది నాసిక్‌లోని సులా. రాజీవ్ సామంత్ 1999లో మొదలుపెట్టిన ఆ కంపెనీ 2005లో టేస్టింగ్ రూమ్ తెరిచింది. ఇప్పుడు నాసిక్ చుట్టుపక్కల, బెంగళూరు చుట్టుపక్కల చాలా వైనరీల్లో ఈ ఏర్పాటు ఉంది.

ముందు ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోండి

మన జిల్లాల్లో వైనరీ లేదేమని చాలామంది అడుగుతారు. రాత్రిళ్లు చల్లబడకపోవడం దీనికి పెద్ద కారణం. పగలు ఎంత ఎండ కాసినా రాత్రి చల్లబడితే ద్రాక్షలో పులుపు నిలుస్తుంది. సముద్రం ఒడ్డున రాత్రి కూడా ఉక్కపోతే కాబట్టి కాయ తియ్యబడేలోపే పులుపు తగ్గిపోతుంది. పులుపు లేని ద్రాక్షతో చేసిన వైన్ చప్పగా ఉంటుంది. నంది కొండల కింద దొడ్డబళ్లాపుర ప్రాంతం సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ వేసవిలో కూడా తెల్లవారుజామున చలి తెలుస్తుంది.

నెల్లూరు, ప్రకాశం వాళ్లకు దగ్గర్లో ఉన్నవాటిలో మొదట చెప్పాల్సింది గ్రోవర్ జంపా. దొడ్డబళ్లాపుర దగ్గర రఘునాథపురలో ఉంది. కన్వల్ గ్రోవర్ అనే ఆయన ఫ్రెంచి ద్రాక్ష రకాలు మన నేల మీద పండుతాయా అని ఏళ్ల తరబడి వెతికి చివరికి నంది కొండల కింద నాటించారు. దక్షిణ భారతంలో వైన్ ద్రాక్ష అంటే ఇప్పటికీ మొదట చెప్పుకునేది ఆ తోట గురించే. రెండోది బెంగళూరు–మైసూరు దారిలో చన్నపట్నం దగ్గర ఉన్న డొమైన్ సులా. మైసూరు వెళ్లే కార్యక్రమం ఉంటే అది కలిసొస్తుంది. హంపి కొండల వైపు క్రస్మా అనే ఎస్టేటు ఉంది. దాన్ని పెట్టింది తెలుగువాళ్లే, హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు. హంపి యాత్రలో అటు పోవాలనుకుంటే సందర్శకుల్ని రానిస్తారో లేదో ముందే కనుక్కుని బయల్దేరండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది దొడ్డబళ్లాపురే. నంది కొండ, వైనరీ రెండూ ఒకే రోజులో అయిపోతాయి. బెంగళూరు ఎయిర్‌పోర్టు కూడా ఆ పక్కనే ఉంది.

నెల, రోజు చూసుకోండి

మన దేశంలో వైన్ ద్రాక్ష కోత సుమారుగా జనవరి నుంచి మార్చి దాకా, కొన్నిచోట్ల ఏప్రిల్ దాకా సాగుతుంది. తీగ మీద గుత్తులు, ట్రేలల్లో దిగే కాయ, పులుస్తున్న ట్యాంకులు అన్నీ చూడాలంటే సంక్రాంతి అయ్యాక వెళ్లండి. వానాకాలంలో తోట పచ్చగా ఉంటుంది గానీ కాయ ఉండదు. టేస్టింగ్ ఏడాది పొడుగునా ఉంటుంది కాబట్టి వేరే నెలల్లో వెళ్లినా వృథా కాదు.

ఇక్కడ చాలామంది పొరపడే చోటొకటి ఉంది. సెలవు కలిసొస్తుందని జనవరి 26న పెట్టుకుంటారు. ఆరోజు డ్రై డే. ఆగస్టు 15, అక్టోబరు 2 కూడా అంతే. ఎన్నికల పోలింగ్, కౌంటింగ్ రోజులూ చూసుకోవాలి. తోట చూపిస్తారేమో గానీ గ్లాసులో చుక్క పోయరు. శని, ఆదివారాలు బెంగళూరు జనం పోటెత్తుతారు. టేస్టింగ్ చూపించే మనిషి ఒక్కొక్కరితో మాట్లాడే తీరిక ఉండదు. వీలైతే మామూలు రోజున, పొద్దున పూట మొదటి బ్యాచ్‌కి వెళ్లండి. ఖాళీ కడుపు, అలసిన నాలుక రెండూ రుచిని చెడగొడతాయి. టిఫిన్ చేసిన రెండు గంటలకు, భోజనానికి ముందు సమయం అన్నిటికన్నా మంచిది.

ఫోన్ చేసి అడగాల్సినవి

వెబ్‌సైట్‌లో బుక్ చేసినా సరే, ఒకసారి ఫోన్ చేయండి. టూర్ ఎన్ని గంటలకు, టేస్టింగ్‌లో ఎన్ని రకాలు, తినడానికి ఏమైనా ఇస్తారా, తోటలోకి తీసుకెళ్తారా లేక ఫ్యాక్టరీ వరకేనా, పెద్దవాళ్లు మెట్లు ఎక్కాల్సి ఉంటుందా, పిల్లల్ని టూర్‌కి రానిస్తారా అన్నవి అడిగి పెట్టుకోండి. తాగనివాళ్లకు టూర్ టికెట్ విడిగా ఉంటుందా అన్నది తప్పకుండా అడగండి. చాలా ఇళ్లలో అమ్మానాన్నలు వైన్ ముట్టరు, కానీ ద్రాక్ష ఎలా వైన్ అవుతుందో చూడాలని వాళ్లకూ ఉంటుంది. వాళ్లను కారులో కూర్చోబెట్టకండి. వ్యవసాయం తెలిసినవాళ్లయితే తోట దగ్గర మనకంటే మంచి ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

ప్రతి ఒక్కరూ ఆధార్ కార్డో లైసెన్సో తీసుకెళ్లాలి. వయసు 21 నిండనివాళ్లకు గ్లాసు ఇప్పించే ప్రయత్నం చేయొద్దు.

దారి, బండి, డ్రైవరు

నెల్లూరు నుంచి గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి. అక్కణ్నుంచి రెండు దార్లు. బెంగళూరు సిటీలోకి పోయేవాళ్లు చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా పోతారు. నేరుగా నంది కొండ వైపు పోవాలంటే పీలేరు, మదనపల్లె, చింతామణి, చిక్కబళ్లాపుర దారి మేలు, సిటీ ట్రాఫిక్ తగలదు. ఒంగోలు, కనిగిరి వాళ్లు పామూరు, బద్వేలు, కడప మీదుగా రాయచోటి, మదనపల్లె చేరొచ్చు. రైలైతే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఒంగోలు, నెల్లూరు మీదుగా బెంగళూరు పోతుంది. పిల్లల ఇంట్లో దిగి, ఒక రాత్రి నిద్రపోయి మర్నాడు వెళ్లడం ఉత్తమం. రాత్రంతా ప్రయాణం చేసి నేరుగా టేస్టింగ్‌కి పోతే నాలుకకి ఏదీ తెలియదు.

బండి నడిపేవాళ్లు టేస్టింగ్‌లో ఒక్క గుక్క కూడా మింగకూడదు. లెక్క చూడండి. ఒక్కో రకం 30 మిల్లీలీటర్లు పోశారనుకుంటే ఐదు రకాలకు 150 మిల్లీలీటర్లు. వైన్‌లో ఆల్కహాలు 13 శాతం అనుకుంటే లోపలికి పోయే ఆల్కహాలు 19.5 మిల్లీలీటర్లు. మన బ్రాందీ, విస్కీల్లో 42.8 శాతం ఉంటుంది కాబట్టి 60 మిల్లీలీటర్ల లార్జ్‌లో పాతిక మిల్లీలీటర్లకు కాస్త ఎక్కువ. అంటే ‘రుచి చూడ్డమే కదా’ అనుకున్నది ముప్పావు లార్జ్ దాకా వస్తుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ పడొచ్చు. చట్టం మాట అటుంచినా, మదనపల్లె దారి అంతా ఘాట్లు, లారీలు. కారు మాట్లాడుకుంటే డ్రైవరన్నకు ముందే చెప్పండి, ఆయనకు అక్కడ మంచి భోజనం పెట్టించండి. మీలోనే ఒకరు నడుపుతుంటే ఆ ఒక్కరికి టూర్ టికెట్ మాత్రమే తీసుకోండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, లివర్ సమస్య ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. పంటి నొప్పికో కడుపులో ఇన్ఫెక్షన్‌కో మెట్రోనిడజోల్ వాడుతున్నవాళ్లు అసలు ముట్టకూడదు. షుగర్ మాత్రలు, నిద్ర మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడిగి వెళ్లండి. ఆస్తమా ఉంటే చాలా వైన్లలో నిల్వ కోసం వాడే సల్ఫైట్లు ఉంటాయని, అవి కొందరికి ఆయాసం తెప్పిస్తాయని గుర్తుంచుకోండి.

వెళ్లే రోజు పొద్దున

సెంటు కొట్టుకోవద్దు. అత్తరు, ఘాటు వాసన ఉండే తలనూనె కూడా వద్దు. ఆడవాళ్లు మల్లెపూలు పెట్టుకుని వస్తే వాళ్లకే కాదు, బల్ల చుట్టూ ఉన్న అందరికీ మల్లె వాసన తప్ప మరోటి తెలియదు. వైన్‌లో సగం సంగతి ముక్కుదే కాబట్టి ఈ ఒక్క పూట పూలు కారులో ఉంచండి. కిళ్లీ, వక్కపొడి, జర్దా వద్దు, సిగరెట్టూ వద్దు. కాఫీ తాగితే గంట ముందే తాగేయండి. టిఫిన్‌లో ఇడ్లీ, ఉప్మా లాంటివి తినండి. కారప్పొడి, గోంగూర పచ్చడి ఆ పూటకు పక్కన పెట్టండి. కారం తిన్న నాలుక మీద వైన్ మంటగా తగులుతుంది, రుచి అందదు.

కొత్త తెల్ల చొక్కా వేసుకోకండి. రెడ్ వైన్ మరక నేరేడు మరకలాగే మొండిది.

టూర్‌లో ఏం చూడాలి

గైడు నడుస్తూ గబగబా చెప్పుకుపోతాడు. మూడు చోట్ల ఆగి చూడండి.

మొదటిది తోట. ఇవి మనం తినే ద్రాక్షలు కావు. కాయ చిన్నది, తొక్క మందం, గింజలు ఎక్కువ. తినమని ఇస్తే ఒకటి నోట్లో వేసుకుని ముందు గుజ్జు చప్పరించండి, తర్వాత తొక్క ఒక్కటే నమలండి, ఆ తర్వాత గింజ కొరకండి. గుజ్జు తీపి, తొక్క వగరు, గింజ ఇంకా వగరు, కొంచెం చేదు. కాసేపటికి గ్లాసులో కనబడబోయేవన్నీ ఈ ఒక్క కాయలో ఉన్నాయి. నల్ల ద్రాక్షను పిండినా రసం పాలిపోయిన రంగులోనే ఉంటుంది, రంగంతా తొక్కలో ఉంటుంది. రసాన్ని తొక్కతో కలిపి పులియబెడితే రెడ్, తొక్క తీసేసి పులియబెడితే వైట్, కొన్ని గంటలు మాత్రం కలిపి ఉంచితే రోజ్ అనే గులాబీ రంగు వైన్.

రెండోది స్టీలు ట్యాంకులు. ట్యాంకు బయట చల్లటి నీళ్లు తిరిగే ఏర్పాటు, ఉష్ణోగ్రత చూపే మీటరు ఉంటాయి. ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను తిని ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడు చేస్తుంది, ఆ పనిలో వేడి పుడుతుంది. వేడి పెరిగితే వాసనలు ఎగిరిపోతాయి కాబట్టి వైట్‌ని ఇంకా చల్లగా పులియబెడతారు. మీటరు మీద ఎంత ఉందో చూసి, అది ఏ రకమో అడగండి. కోతల కాలంలో వెళితే ఆ గదిలో వాసన గుప్పుమంటుంది.

మూడోది పీపాల గది. ఓక్ చెక్కతో చేసిన ఈ పీపాల్లో మామూలుగా 225 లీటర్లు పడుతుంది. లోపలి వైపు నిప్పుతో కాలుస్తారు, దాని నుంచే వైన్‌కి వనిల్లా, లవంగం, పొగ వాసనలు వస్తాయి. అన్ని వైన్లూ పీపాలోకి పోవు. మీరు రుచి చూడబోయేవాటిలో ఏది పీపాలో ఉంది, ఎన్ని నెలలు ఉంది అని ఇక్కడే అడిగి గుర్తుపెట్టుకోండి.

గ్లాసు చేతికొచ్చాక

అసలు పని ఇది, తొందరపడకండి. గ్లాసును గిన్నె దగ్గర కాదు, కింద కాడ దగ్గర పట్టుకోండి. అరచేతి వేడికి వైన్ వెచ్చబడుతుంది.

ముందు చూడండి. బల్ల మీద ఉన్న తెల్ల కాగితం మీదికి గ్లాసు వంచి అంచు రంగు గమనించండి. రెడ్ వైన్ అంచు ఊదాగా ఉంటే కొత్తది, ఇటుక రంగుకు తిరుగుతుంటే వయసు వచ్చింది. వైట్ లేత గడ్డి రంగులో ఉంటే కొత్తది, బంగారు రంగులోకి పోతే పాతదో పీపాలో ఉన్నదో అయ్యుండొచ్చు.

తర్వాత వాసన. తిప్పకుండా ఒకసారి పీల్చండి. గ్లాసు అడుగును బల్ల మీదే ఉంచి మెల్లగా సుడి తిప్పి మళ్లీ పీల్చండి. రెండోసారి వాసన పెద్దదవుతుంది. ఇక్కడే మనవాళ్లు బెదిరిపోతారు. గైడు ప్యాషన్ ఫ్రూట్ అంటాడు, బ్లాక్ కరెంట్ అంటాడు, మనం ఆ పండ్లు చూసి ఉండం. అవి మీకు తెలియనక్కర్లేదు. మీ ముక్కుకి తెలిసినవే చెప్పండి. సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్ ద్రాక్షలో గూడూరు నిమ్మకాయ తొక్క గోరుతో గీరినప్పటి వాసన, పచ్చిమిరప కోసినప్పటి వాసన, కొంచెం దోర జామ కనబడతాయి. పచ్చిమిరప, క్యాప్సికమ్‌లలో ఆ వాసన ఇచ్చే పదార్థమే ఆ ద్రాక్షలోనూ ఉంది, కాబట్టి మీరు ఊహించుకుంటున్నది కాదు. షిరాజ్ అనే రెడ్ వైన్ ద్రాక్షలో మిరియాల ఘాటు కూడా అంతే, మిరియాల్లో ఉన్న పదార్థమే. వియోన్యే అనే వైట్ రకంలో పూల వాసన ఉంటుంది. క్యాబర్నే సావిన్యాన్ అనే రెడ్ రకంలో నల్లటి పండ్లు, పీపాలో ఉంచి ఉంటే లవంగం. ‘ఇది మా ఇంట్లో పోపు డబ్బా వాసనలా ఉంది’ అని తెలుగులోనే చెప్పండి. చిక్కబళ్లాపుర, దొడ్డబళ్లాపుర వైపు తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామందే ఉంటారు, సంతోషంగా వింటారు.

ఇప్పుడు రుచి. చిన్న గుక్క తీసుకుని వెంటనే మింగకుండా నోరంతా తిప్పండి. మూడు నాలుగు క్షణాలు చాలు. వరసగా నాలుగు సంగతులు గమనించండి.

తీపి ఉందా లేదా అన్నది నాలుకకు ముందే తెలిసిపోతుంది. మన దేశంలో చేసే షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్లలో కాస్త తీపి మిగిల్చినవి చాలా ఉన్నాయి, మొదటిసారి తాగేవాళ్లకు అవి నచ్చుతాయి.

పులుపు ఎంత అన్నది నోట్లో ఊరే నీళ్లను బట్టి తెలుస్తుంది. మింగాక దవడల కింద ఎంత ఊరితే అంత పులుపు. ద్రాక్షలో ఉండే ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. చింతపండుకు పులుపునిచ్చేదీ అదే. పులుసులో చింతపండు ఒక రెబ్బ ఎక్కువైతే పట్టేసే నాలుక ఉన్నవాళ్లకు వైన్‌లో పులుపు ఎక్కువ తక్కువలు చెప్పడం కష్టమేమీ కాదు. సీసా అడుగున గాజు పొడిలాంటి పలుకులు కనబడితే భయపడకండి, చల్లబడినప్పుడు ఆ ఆమ్లం తాలూకు లవణమే అలా పేరుకుంటుంది. హాని లేదు.

వగరు రెడ్ వైన్లలో తెలుస్తుంది. చిగుళ్లు, పెదాల లోపలి వైపు ఎండిపోయినట్టు, పట్టేసినట్టు ఉంటుంది. నాలుకతో పై చిగురు తడిమి చూడండి. మెత్తగా జారితే వగరు తక్కువ, గరుగ్గా తగిలితే ఎక్కువ. ‘చేదుగా ఉంది’ అని చాలామంది అనేది నిజానికి ఈ వగరునే. ఉగాది పచ్చడి తినే మనం ఈ రెంటినీ విడదీసి చెప్పగలం, ఒకసారి ప్రయత్నించండి.

ఇక మింగాకో ఉమ్మాకో రుచి ఎంతసేపు నిలిచింది అన్నది చూడండి. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి. రెండు మూడుకే మాయమైపోతే సాదా వైన్. పది దాటినా వాసన గొంతులో ఆడుతుంటే మంచిది. ధరలో తేడా ఎక్కువగా ఇక్కడే తెలుస్తుంది.

బల్ల మీద ఖాళీ పాత్ర ఒకటి ఉంటుంది. అది రుచి చూసి ఉమ్మేయడానికి, గ్లాసులో మిగిలింది పారబోయడానికి పెట్టింది. అందులో ఉమ్మడం అమర్యాద కాదు, వైన్ చేసేవాళ్లు రోజంతా అదే చేస్తారు. పోసింది పారేస్తే డబ్బు దండగ అనుకోవద్దు. మొదటి రెండు నచ్చినా నచ్చకపోయినా పూర్తిగా తాగేస్తే నాలుగోది వచ్చేసరికి మీకు తేడా తెలియదు. డబ్బు దండగయ్యేది అప్పుడే. రకానికీ రకానికీ మధ్య మంచినీళ్లు తాగండి, ఉప్పులేని బిస్కెట్టో బ్రెడ్డు ముక్కో నమలండి.

వరస మార్చమని అడగకండి. బుడగలు వచ్చే స్పార్క్‌లింగ్ ముందు, ఆ తర్వాత వైట్, రోజ్, రెడ్, చివరన తియ్యటి డెజర్ట్ వైన్ పోస్తారు. తేలికైన వాటి నుంచి బరువైన వాటికి పోతేనే ముందరివి మరుగున పడవు. మీతో చిన్న నోటుబుక్కు ఉంటే ఒక్కోదానికి ఒక్క వాక్యం రాసుకోండి: పేరు, పులుపు ఎంత, వగరు ఎంత, నచ్చిందా లేదా. ఫోన్లో లేబుల్ ఫొటో తీసి దానికిందే టైప్ చేసినా చాలు.

నచ్చనిదాన్ని నచ్చలేదని చెప్పండి, ‘ఎందుకు నచ్చలేదో’ కూడా చెప్పండి. ‘వగరు ఎక్కువైంది, తగ్గేది ఏదైనా ఉందా’ అంటే ఎదుటి మనిషికి మీ రుచి అర్థమై జాబితాలో లేని సీసా కూడా ఒక్కోసారి తెరుస్తాడు. మొహమాటానికి అన్నీ బాగున్నాయంటే మీకూ ఏమీ తెలియదు, వాళ్లకూ ఏమీ తెలియదు.

శాకాహారులు ఒక సంగతి అడగాలి. వైన్‌ని తేటపరచడానికి కొన్నిచోట్ల గుడ్డు తెల్లసొన, చేప నుంచి తీసిన పదార్థం, జెలటిన్ లాంటివి వాడతారు. కొన్నిచోట్ల బెంటొనైట్ అనే బంకమట్టి వాడతారు. ‘దీన్ని దేనితో తేటపరిచారు’ అని అడిగితే చెబుతారు.

మన కూరలతో ఏది పొసుగుతుంది

ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. గైడు చీజ్, పాస్తా గురించి చెబుతాడు. మీరు మీ భోజనం గురించి చెప్పండి. నెల్లూరు చేపల పులుసులో చింతపండు పులుపు, మామిడికాయ ముక్క, కారం, చేప నూనె అన్నీ ఉంటాయి. దాని పక్కన వగరు ఉన్న రెడ్ పెడితే నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది. రెడ్ వైన్‌లోని ఇనుము చేప నూనెతో కలిసి ఆ రుచి పుట్టిస్తుంది. పైగా కారం మీద వగరు, ఆల్కహాలు రెండూ మంటను పెంచుతాయి. పులుసుకు సరిపోయేది బాగా చల్లబెట్టిన, పులుపు నిలబడ్డ, కాస్త తీపి ఉన్న వైట్. కూర కన్నా వైన్‌లో పులుపు తగ్గితే వైన్ నీళ్లలా తేలిపోతుంది. అందుకే షెనిన్ బ్లాంక్ అడగండి. రొయ్యల వేపుడుకు రోజ్ బాగుంటుంది. రెడ్‌ను మటన్ కూరకు ఉంచుకోండి, అదీ కారం తగ్గించి వండిన రోజున. మలైకాజాతో వైన్ అంటే మాత్రం ఆలోచించాల్సిందే. స్వీటు కన్నా వైన్ తియ్యగా లేకపోతే వైన్ పుల్లగా తగులుతుంది. మలైకాజా కన్నా తియ్యటి వైన్ దొరకడం కష్టం.

కొనేముందు

మొహమాటానికి కొనకండి. టేస్టింగ్‌కి డబ్బు కట్టారు, అక్కడితో లెక్క సరి. నచ్చిన ఒక్కటి కొనుక్కుని బెంగళూరులో పిల్లల ఇంట్లో ఆ రాత్రి భోజనంతో తాగడం మంచి పద్ధతి. వైట్, రోజ్ 8 నుంచి 12 డిగ్రీల చల్లదనంలో, రెడ్ 16 నుంచి 18 డిగ్రీల్లో బాగుంటాయి. రెడ్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదనే మాట చలిదేశాల గదులకు చెల్లుతుంది. మన ఊళ్లలో రెడ్‌ను కూడా తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

సీసాలు సరిహద్దు దాటించి నెల్లూరుకో ఒంగోలుకో తేవడం మాత్రం వద్దు. ఒక రాష్ట్రంలో పన్ను కట్టి కొన్న మద్యం పర్మిట్ లేకుండా పక్క రాష్ట్రంలోకి తెస్తే ఎక్సైజ్ కేసు అయ్యే ప్రమాదం ఉంది. చెక్‌పోస్టు దగ్గర ‘మాది నంది హిల్స్‌లో కొన్న బిల్లు ఉంది’ అంటే సరిపోదు. తేవాలనే ఉంటే ముందు మన జిల్లా ఎక్సైజ్ ఆఫీసులో అడిగి, వాళ్లు చెప్పినట్టు చేయండి. ఇంకో కారణం కూడా ఉంది. వేసవిలో కారు డిక్కీలో నాలుగైదు గంటలు కాలిన వైన్ చెడిపోతుంది. కార్కు పైకి పొడుచుకొస్తుంది, రుచి ఉడికిన పండులా అవుతుంది. ఎంతో ఇష్టపడి కొన్న సీసా అలా పాడవడం ఎందుకు.

తెరిచిన సీసాను మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచితే వైట్ రెండు మూడు రోజులు, రెడ్ మూడు నాలుగు రోజులు బాగుంటుంది. ఆ తర్వాత పుల్లబడ్డ రెడ్‌ను పారబోయకుండా మటన్ ఉడికేటప్పుడు ఒక గరిటె వేయండి.

టేస్టింగ్ అయ్యాక వెంటనే నంది కొండ ఎక్కొద్దు, ఎండలో నడక, వైన్ పడవు. కొండ తెల్లవారుజామున చూసి, కిందికి దిగి టిఫిన్ చేసి, పది, పదకొండు గంటలకు వైనరీ చేరేలా పెట్టుకోండి. అయ్యాక అక్కడే భోజనం చేయండి, నీళ్లు బాగా తాగండి, నీడలో ఓ గంట కూర్చోండి. మదనపల్లె దారిలో తిరుగు ప్రయాణమైతే చీకటి పడకముందే ఘాట్లు దిగేలా బయల్దేరండి.